గ్యాస్ బిల్లు ఎక్కువొచ్చిందా? ఫోన్ చేసి అరిచే ముందు ఇవి చెయ్యండి

"గ్యాస్ బిల్లు డబుల్ వచ్చింది, ఫోన్ చేస్తే పట్టించుకోవట్లేదు, ఏం చెయ్యాలి?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి మొత్తం ఒకచోట రాసేస్తున్నా. పైప్ గ్యాస్ మీటర్ ఉన్నవాళ్ళకి ఎక్కువ రాశాను, సిలిండర్, ట్యాంక్ వాళ్ళకి 5వ స్టెప్ లో ఉంది.

అసలు విషయం ఒక్కటే. "బిల్లు ఎక్కువొచ్చింది" అనే మాట కస్టమర్ కేర్ వాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వింటూనే ఉంటారు, దానికి వాళ్ళ దగ్గర రెడీగా ఒక జవాబు ఉంటుంది: "మీరు ఎక్కువ వాడారండి". అదే మీరు "క్లోజింగ్ రీడింగ్ (బిల్లు ముగిసేనాటి మీటర్ అంకె) 1896 అని వేశారు, ఈరోజు నా మీటర్ మీద 1871 ఉంది, ఫోటో ఇదిగో" అన్నారనుకోండి, ఆ రెడీ జవాబు పనిచెయ్యదు. బిల్లు తీసిన అయిదు రోజుల తర్వాత కూడా మీటర్ ఆ అంకెకి చేరలేదంటే ఇంక వాదించడానికి ఏముంటుంది.

పై అంకెలు నా సొంత బిల్లువే. ముందు బిల్లు రీడింగ్ 1842, అసలు రీడింగ్ 1869, రీడింగ్ తీసుకున్నాయన 69 ని 96 అని కొట్టాడు. 27 యూనిట్లు కాస్తా 54 అయ్యాయి, సరిగ్గా డబుల్. నేను నాలుగు రోజులు ఫోన్ లో అరిచాను, ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటినుంచి కథ. చివరికి మీటర్ దగ్గరికెళ్ళి చూద్దామని తట్టింది, అది కూడా మా ఆవిడ అంటే. ఒక ఫోటో, నాలుగు లైన్ల మెయిల్, వారం తిరక్కుండా కొత్త బిల్లు వచ్చింది.

కావలసినవి

ఇప్పుడొచ్చిన బిల్లు, దానికి ముందు కనీసం ఆరు బిల్లులు (ఏడాదివి ఉంటే ఇంకా మంచిది, పోయినేడు ఇదే సీజన్ తో పోల్చుకోవచ్చు), కెమెరా ఉన్న ఫోన్, టార్చ్, ఒక నోట్ బుక్, మీ కస్టమర్ నంబర్. సిలిండర్ వాళ్ళకైతే తూకం మెషీన్. పాత బిల్లులు పారేశాం అంటారా, కంపెనీ యాప్ లో గానీ వెబ్ సైట్ లో గానీ ఉంటాయి, లేకపోతే అడిగి తీసుకోండి.

స్టెప్ 1. మీటర్ ఫోటో తియ్యండి, ఈరోజే

రేపు అనుకోకండి. రోజులు గడిచే కొద్దీ మీటర్ ముందుకెళ్ళిపోతుంది, తప్పుగా వేసిన అంకెని కూడా దాటేస్తుంది, అప్పుడు మీ చేతిలో ఉన్న పెద్ద సాక్ష్యం పోయినట్టే.

రెండు ఫోటోలు కావాలి. ఒకటి మీటర్ మొత్తం, సీరియల్ నంబర్ కనపడేలా. రెండోది అంకెలు దగ్గరగా. గ్లాసు మీద ఫ్లాష్ పడి అంకెలు తెల్లగా అయిపోతాయి కాబట్టి ఫ్లాష్ ఆపేసి టార్చ్ ని పక్కనుంచి వాలుగా పట్టుకోండి. కుదిరితే రెండూ ఒకే ఫోటోలో వచ్చేలా ఇంకోటి కూడా తీసుకోండి, "ఈ రీడింగ్ మీ మీటర్ దే అని గ్యారంటీ ఏంటి" అని అడిగేవాళ్ళుంటారు.

రీడింగ్ చదవడంలో చాలామంది చేసే తప్పు ఇక్కడే. చాలా మీటర్లలో మొదట నల్ల అంకెలు ఉంటాయి, తర్వాత కామా లేదా చుక్క, దాని తర్వాత ఎర్ర అంకెలు లేదా ఎర్ర గడిలో అంకెలు. ఎర్రవి దశాంశాలు, బిల్లుకి మామూలుగా నల్లవే తీసుకుంటారు. 01871 తర్వాత ఎర్రగా 462 ఉంటే రీడింగ్ 1871, అంతే. ఎర్ర అంకె ఒక్కటి కలిపి చదివినా పది రెట్లు అయిపోతుంది. మీరు సొంతంగా యాప్ లో రీడింగ్ ఎంటర్ చేసే పద్ధతి ఉంటే ఆ తప్పు మీరే చేసి ఉండొచ్చు, ఒకసారి చూసుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

గడియారాల్లాంటి డయల్స్ ఉన్న పాత మీటరైతే, పక్కపక్క డయల్స్ ముళ్ళు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ముల్లు రెండు అంకెల మధ్యలో ఉంటే చిన్న అంకె రాసుకోవాలి, 9 కీ 0 కీ మధ్యలో ఉంటే మాత్రం 9. డిజిటల్ మీటరైతే స్క్రీన్ మీద రకరకాల నంబర్లు మారుతూ ఉంటాయి, యూనిట్ గుర్తు (m³ లాంటిది) పక్కన ఉన్న నంబరే మీక్కావాల్సింది.

స్టెప్ 2. బిల్లులో ఈ చోట్ల పెన్నుతో గుండ్రాలు చుట్టండి

మీటర్ నంబర్. ఓపెనింగ్ రీడింగ్ (బిల్లు మొదలైననాటి మీటర్ అంకె). క్లోజింగ్ రీడింగ్. రీడింగ్ పక్కన అది యాక్చువలా (మీటర్ చూసి తీసిందా) ఎస్టిమేటెడా (అంచనానా) అనే గుర్తు. ఎన్ని రోజుల బిల్లు. పాత బాకీ. యూనిట్ రేటు.

టోటల్ వైపు ఇప్పుడే చూడకండి, అది చూస్తే కోపం రావడం తప్ప ఉపయోగం లేదు.

స్టెప్ 3. ఏ రకం తప్పో తేల్చండి

అసలు పని అంతా ఈ స్టెప్ లోనే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

రోజుల తేడా: మామూలుగా 60 రోజులకి వచ్చే బిల్లు ఈసారి 83 రోజులకి వచ్చిందేమో. మొత్తం యూనిట్లని రోజులతో భాగించి పాత బిల్లులతో పోల్చండి. నన్ను అడిగినవాళ్ళలో కొంతమంది సమస్య ఇక్కడే తేలిపోయింది, గొడవే లేదు. కాకపోతే బిల్లు కాలం మధ్యలో రేటు మారిందంటే ఏ రోజు దాకా పాత రేటు, ఏ రోజు నుంచి కొత్త రేటు అనేది విడగొట్టి చూపించాలి, మొత్తానికీ కొత్త రేటే వేశారంటే అది అడగాల్సిన విషయమే.

ఎస్టిమేటెడ్ రీడింగ్: తలుపు తాళం వేసి ఉందనో, మనిషి రాలేదనో కంపెనీ అంచనా వేసి బిల్లేస్తుంది. అంచనా ఎక్కువైతే ఈరోజు రీడింగ్ ఫోటో పంపితే సరిపోతుంది, చాలాచోట్ల ఇది గొడవ లేకుండా అయిపోయే పని. కష్టమంతా అంచనా తక్కువైనప్పుడే. ఏడాదిపాటు తక్కువ అంచనాతో బిల్లులొచ్చి, మనం కూడా హాయిగా కట్టేసుకుంటూ పోయి, ఒకరోజు అసలు రీడింగ్ తీస్తే మిగిలిందంతా ఒకే బిల్లులో నెత్తిన పడుతుంది. గ్యాస్ వాడాం కాబట్టి ఆ డబ్బు ఎగ్గొట్టడం కుదరదు, కానీ రెండు అడగొచ్చు: ఒకటి, ఆ యూనిట్లని ఏ నెలవి ఆ నెలలకి పంచి అప్పటి రేటు వెయ్యమని, రెండు, వడ్డీ లేకుండా వాయిదాల్లో కట్టనివ్వమని. ఎన్ని నెలలు వెనక్కి వెళ్ళి వసూలు చేయొచ్చు అనేదానికి కొన్ని దేశాల్లో పరిమితి ఉంటుంది, అది కూడా అడగండి.

అంకెలు అటూఇటూ అవ్వడం: నాకు జరిగిందిదే. దీనికి "వచ్చే బిల్లులో సర్దుకుంటుందిలెండి" అంటారు. సగం నిజమే, వచ్చే బిల్లు ఆ మేరకు తక్కువొస్తుంది. కానీ మీ దగ్గర స్లాబ్ రేట్లు ఉంటే సర్దుకోదు. ఈసారి దొంగ యూనిట్లు ఎక్కువ రేటు స్లాబ్ లో పడ్డాయి, వచ్చేసారి తగ్గేవి తక్కువ రేటు స్లాబ్ లోంచి తగ్గుతాయి, మధ్యలో తేడా మీకే నష్టం. అందుకని ఒప్పుకోవద్దు, బిల్లు రివైజ్ చెయ్యమనే అడగండి.

యూనిట్ల గందరగోళం: మీటర్ క్యూబిక్ మీటర్లలో కొలుస్తుంది, కొన్ని కంపెనీలు బిల్లు మాత్రం కిలోవాట్ అవర్లలో వేస్తాయి. ఒక క్యూబిక్ మీటర్ నేచురల్ గ్యాస్ లో సుమారు 10.5 నుంచి 11 కిలోవాట్ అవర్ల వేడి ఉంటుంది. అంటే మీటర్ 27 తిరిగితే బిల్లులో 290 దగ్గర్లో కనపడటం మోసమేం కాదు, దయచేసి దానిమీద కంప్లైంట్ పెట్టకండి. బిల్లులో యూనిట్లని మీటర్ లో తిరిగిన యూనిట్లతో భాగించండి, 10 నుంచి 12 మధ్య వస్తే ఓకే. 31 దగ్గర్లో వచ్చిందా, అప్పుడు మాత్రం ఆగండి, మీ క్యూబిక్ మీటర్ల మీటర్ని వంద క్యూబిక్ ఫీట్లని కొలిచే మీటర్ అని సిస్టంలో ఎక్కించి ఉండొచ్చు. 100 క్యూబిక్ ఫీట్లు అంటే 2.83 క్యూబిక్ మీటర్లు, కాబట్టి బిల్లు దాదాపు మూడు రెట్లు వస్తుంది, అదీ ఏదో ఒక నెల కాదు, మీటర్ పెట్టినప్పటినుంచి. మీ మీటర్ దేంట్లో కొలుస్తుందో దాని ముఖం మీదే రాసి ఉంటుంది.

పక్కింటివాళ్ళ మీటర్: అపార్ట్ మెంట్లలో నాలుగైదు మీటర్లు వరసగా ఉంటాయి కదా, ఫ్లాట్ నంబర్లు తారుమారు అవుతుంటాయి. మా పిన్ని ఒక్కతే ఉంటుంది, ఆమెకి ఆరుగురున్న ఇంటి బిల్లు వస్తుంటే రెండేళ్ళు కట్టింది పాపం, తనకి టీలు ఎక్కువయ్యాయి అనుకుని. బిల్లు మీద మీటర్ నంబర్, మీ మీటర్ మీద సీరియల్ నంబర్ ఒకటేనా చూడండి. ఒకటే అయినా డౌట్ గా ఉంటే ఇంట్లో ఒకళ్ళు స్టవ్ పెద్ద మంట పెట్టి ఆపుతూ వెలిగిస్తూ ఉంటే ఇంకొకళ్ళు మీటర్ల దగ్గర నిలబడి ఏ మీటర్ చివరి ఎర్ర అంకె మీ మంటతోపాటే కదులుతుందో, ఆగుతుందో చూడండి. వాల్వులు కట్టేసి చూద్దాం అని మాత్రం చెయ్యొద్దు. అది పక్కవాళ్ళదైతే వాళ్ళ మంట ఆరిపోతుంది, మీరు మళ్ళీ తెరిస్తే వెలగని గ్యాస్ వాళ్ళ వంటింట్లోకి వెళ్తుంది.

పాత బాకీ: కొత్తగా ఇల్లు మారినవాళ్ళు ఇది చూడండి. ముందున్నవాళ్ళ బాకీ మీ ఓపెనింగ్ బ్యాలెన్స్ లో కూర్చుని ఉంటుంది. మీరు చేరిన తేదీకి రుజువుగా అద్దె కాగితం, ఆ రోజు మీటర్ ఫోటో కావాలి. ఫోటో తియ్యలేదా, సరే, ఈసారి మారేటప్పుడు ఖాళీ చేసే ఇంట్లో ఒకటి, చేరే ఇంట్లో ఒకటి తప్పకుండా తియ్యండి.

మీటర్ మార్చినప్పుడు: పాత మీటర్ ఆఖరి రీడింగ్, కొత్త మీటర్ మొదటి రీడింగ్ రెండూ బిల్లులో విడివిడిగా ఉండాలి. కొత్త మీటర్ ఎప్పుడూ సున్నా దగ్గరే మొదలవ్వాలని లేదు.

స్టెప్ 4. ఇంట్లోనే చిన్న టెస్ట్

పై వాటిలో ఏదీ దొరకలేదంటే మీటర్ నిజంగానే ఎక్కువ తిరుగుతుందేమో చూడాలి.

ముందు గ్యాస్ తో నడిచేవన్నీ ఆపేయండి, స్టవ్, గీజర్, హీటర్, పైలట్ మంటలు (గీజర్, హీటర్లలో ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న మంటలు) కూడా. మీటర్ అంకెలన్నీ ఎర్రవాటితో సహా రాసుకుని గంట ఆగి మళ్ళీ చూడండి. కదలకూడదు.

కదిలిందా, ఇంక బిల్లు సంగతి పక్కన పెట్టేయండి, అది లీకేజీ కావచ్చు. కిటికీలు తెరవండి, మెయిన్ వాల్వ్ కట్టేయండి, స్విచ్ ఏదీ వెయ్యొద్దు, ఆపొద్దు, బయటికెళ్ళి అక్కడినుంచి ఎమర్జెన్సీ నంబర్ కి ఫోన్ చెయ్యండి. అగ్గిపుల్ల గీసి చూద్దాం అనే మహానుభావులు ఇంకా ఉన్నారు, వద్దు.

కదలకపోతే ఇప్పుడు ఒక్క పెద్ద బర్నర్ ఫుల్ గా పెట్టి సరిగ్గా అరగంట మండించండి, గిన్నె నిండా నీళ్ళు పెట్టుకోండి ఊరికే మండించకుండా. పెద్ద బర్నర్ సుమారు 3 కిలోవాట్లు అనుకుంటే గంటకి 0.28 క్యూబిక్ మీటర్, అరగంటకి 0.14. మూడు ఎర్ర అంకెలున్న మీటర్ లో 140 దగ్గర తేడా రావాలి. 110 వచ్చినా 170 వచ్చినా ఫర్వాలేదు, బర్నర్ సైజుని బట్టి మారుతుంది (స్టవ్ కింద అంటించిన కాగితం మీద కిలోవాట్లు రాసి ఉంటే అది చూసి లెక్క వేసుకోండి). 300, 400 వచ్చిందంటే మీటర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇది కోర్టులో నిలబడే టెస్ట్ కాదు, మీకు మీరు నమ్మకం తెచ్చుకోవడానికి.

స్టెప్ 5. సిలిండర్, ట్యాంక్ వాళ్ళకి

సిలిండర్: పట్టుకునే రింగ్ దగ్గర ఖాళీ బరువు కొట్టి ఉంటుంది. నిండు బరువులోంచి అది తీసేస్తే గ్యాస్ బరువు. ఖాళీ 13.4 కిలోలు, తూకం 25.1 వచ్చింది, అంటే గ్యాస్ 11.7, బిల్లులో 12.5 ఉందంటే 800 గ్రాములు తక్కువ. తెచ్చిన మనిషి ఉండగానే, సీల్ తియ్యకముందే తూచాలి. వాడటం మొదలెట్టాక తూచి ఫోన్ చేస్తే ఎవరూ నమ్మరు, నేనైనా నమ్మను. ఇంటి తూకాల మీద వంద, రెండొందల గ్రాముల తేడాకి మాత్రం గొడవ పెట్టుకోకండి.

బుక్ చెయ్యకుండానే డెలివరీ అయినట్టు మెసేజ్ వస్తే ఆరోజే కంప్లైంట్ పెట్టండి. డెలివరీ కోడ్ ఉండే పద్ధతైతే సిలిండర్ చేతికి రాకముందు ఆ కోడ్ ఎవరికీ చెప్పొద్దు.

ట్యాంక్: నింపే ముందు ఒకటి, నింపాక ఒకటి గేజ్ (ఎంత శాతం నిండిందో చూపించే ముల్లు) ఫోటో. ఎల్పీజీ ట్యాంక్ ని మామూలుగా 80 శాతం దాకానే నింపుతారు, వేడికి ద్రవం పెరగడానికి చోటు ఉండాలి కదా. కాబట్టి 1000 లీటర్ల ట్యాంక్ లో అప్పటికే 30 శాతం ఉంటే 500 లీటర్లకి మించి పట్టకూడదు, బిల్లులో 620 ఉందంటే అడగండి. కిలోలా లీటర్లా కూడా చూడండి, ఎల్పీజీలో ఉండే ప్రొపేన్ లీటర్ బరువు అరకిలో దగ్గరే, కాబట్టి కిలో రేటు తీసుకెళ్ళి లీటర్లకి వేస్తే బిల్లు దాదాపు రెట్టింపు. కిరోసిన్, డీజిల్ లాంటి నూనెలైతే పది డిగ్రీల వేడి తేడాకి 1000 లీటర్లకి 8 నుంచి 10 లీటర్ల దాకా అటూఇటూ అవుతుంది, దాన్ని వదిలెయ్యండి.

స్టెప్ 6. కంప్లైంట్ రాతలో పెట్టండి

ఫోన్ చెయ్యొద్దు అనట్లేదు, చెయ్యండి, కంప్లైంట్ నంబర్ తీసుకోండి, తేదీ, టైము, మాట్లాడిన వాళ్ళ పేరు నోట్ బుక్ లో రాసుకోండి. కానీ ఆ వెంటనే మెయిల్ గానీ యాప్ లో గానీ రాత రూపంలో పంపండి. ఇలా:

"కస్టమర్ నంబర్ ఇది. మీటర్ నంబర్ ఇది. ఫలానా తేదీ బిల్లులో క్లోజింగ్ రీడింగ్ 1896 అని ఉంది. ఆ తర్వాత అయిదు రోజులకి మీటర్ రీడింగ్ 1871, ఫోటో జత చేశాను. కాబట్టి 1896 సాధ్యం కాదు. రీడింగ్ సరిచేసి బిల్లు రివైజ్ చెయ్యగలరు. తేలేదాకా లేటు ఫీజు వెయ్యకుండా, కనెక్షన్ కట్ చెయ్యకుండా హోల్డ్ లో పెట్టి ఆ విషయం రాతపూర్వకంగా తెలపగలరు."

అంతే. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు, పోయిన నెల ఊరెళ్ళారు, ఆ మనిషి ఎంత దురుసుగా మాట్లాడాడు ఇవేవీ వద్దు. ఒక మెయిల్ లో ఒకే తప్పు. మూడు తప్పులుంటే వాళ్ళు అన్నిటికంటే తేలికైనదానికి జవాబిచ్చి కేసు క్లోజ్ చేసేస్తారు.

స్టెప్ 7. బిల్లు కట్టాలా ఆపాలా

మొత్తం ఆపెయ్యడం చాలామంది చేసే పెద్ద తప్పు. న్యాయం మీవైపే ఉన్నా లేటు ఫీజు, కట్ నోటీసు వచ్చాయంటే గొడవ ఒకటి కాస్తా మూడవుతాయి. మీ లెక్క ప్రకారం ఎంత రావాలో అంత కట్టి, "వివాదం లేని మొత్తం కట్టాను, మిగతాది కంప్లైంట్ నంబర్ ఫలానా కింద పెండింగ్" అని అదే మెయిల్ కి రిప్లై పెట్టండి. కొన్ని సిస్టమ్స్ సగం కట్టనివ్వవు, అప్పుడు మొత్తం కట్టి "నిరసనతో కడుతున్నాను, రీఫండ్ హక్కు వదులుకోవట్లేదు" అని రాయండి. ఆటో పే ఉంటే ముందే చూసుకోండి, మీరు మెయిల్ రాస్తుండగానే బ్యాంకు లోంచి మొత్తం లాగేసుకుంటుంది.

స్టెప్ 8. మీటర్ టెస్ట్ కి పంపాలంటే

ఫీజు ఎంత, మీటర్ తప్పని తేలితే ఆ ఫీజు వాపసా అనేది ముందే రాతలో అడగండి. మీటర్ విప్పేటప్పుడు మీరు దగ్గరుండాలి, విప్పకముందు రీడింగ్, సీల్, సీరియల్ నంబర్ ఫోటోలు తియ్యాలి. నా మాట వింటే మాత్రం 3, 4 స్టెప్పులు పూర్తిగా చెయ్యకుండా దీని జోలికి వెళ్ళొద్దు, మీటర్ చెడిపోవడం కంటే మనుషులు అంకెలు తప్పు ఎక్కించడమే ఎక్కువ.

స్టెప్ 9. వాళ్ళు కదలకపోతే

వారం చూసి అదే మెయిల్ కింద గుర్తు చెయ్యండి, కొత్త మెయిల్ మొదలెట్టొద్దు, చరిత్ర అంతా ఒకే చోట ఉండాలి. తర్వాత కంపెనీలోనే పై అధికారి లేదా ఫిర్యాదుల విభాగం. అక్కడా కుదరకపోతే "మీ తుది జవాబు రాతలో ఇవ్వండి" అని అడగండి. ఈ ముక్క చాలా ముఖ్యం, ఎందుకంటే రెగ్యులేటర్ (గ్యాస్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) గానీ అంబుడ్స్ మన్ (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) గానీ వినియోగదారుల కోర్టు గానీ ముందు అడిగేది "కంపెనీ ఏమంది?" అనే. మీ దగ్గర ఏది వర్తిస్తుందో మామూలుగా బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, గడువు కూడా అక్కడే వెతకండి, అది దాటనివ్వకండి.

స్టెప్ 10. "సరిచేశాం" అన్నాక చెక్ చేసుకోండి

నమ్మి ఊరుకోకండి. రివైజ్డ్ బిల్లులో తగ్గిన యూనిట్లతోపాటు దానిమీద వేసిన ట్యాక్స్ కూడా తగ్గిందా, లేటు ఫీజు తీసేశారా, మీరు కట్టింది జమ అయిందా చూడండి. ఎక్కువ కట్టి ఉంటే అది రీఫండ్ గా వస్తుందా, వచ్చే బిల్లులో తగ్గిస్తారా అని అడిగి రాయించుకోండి.

ఆ తర్వాతి బిల్లు వచ్చినప్పుడు ఇంకొక్కటి చూడాలి, దీన్నే అందరూ వదిలేస్తారు. ఓపెనింగ్ రీడింగ్. నా కేసులో రివైజ్డ్ బిల్లు చక్కగా 1869 తో వచ్చింది, డబ్బు తగ్గింది, అయిపోయింది అనుకున్నా. రెండు నెలల తర్వాత బిల్లు చూస్తే అది 1842 నుంచి మొదలైంది, అంటే నేను కట్టేసిన ఆ 27 యూనిట్లు మళ్ళీ ఎక్కాయి. మళ్ళీ అదే మెయిల్ కింద, రెండు బిల్లులూ జత చేసి, ఒక్క లైను రాశాను.